అనావృష్టికి నేరస్థు డెవడు?

వానలు కురియనప్పుడు మనుష్యుడు మొదట ఆకాశమువంక చూచును. పిదప పొరుగువానివంక చూచును. రాజు ధర్మము తప్పెననియో, గ్రామమున నెవ్వరో అపచారము చేసిరనియో, దేవతల మ్రొక్కులు చెల్లింపబడలేదనియో చెప్పుకొనుట మన దేశమునందే గాక అన్ని దేశములందును కలదు. కఱవు కాలమున పల్లెలలో విరాటపర్వము చదివించుటయు, కప్పను రోకటికి గట్టి యింటింటను నీళ్లు పోయించుటయు మన యిండ్లలోని పెద్ద లెఱిగినవే. వీనిని మూఢాచారములని నవ్వి త్రోసివేయుట సులభము. కాని వీని యడుగున నొక గంభీరమైన ప్రశ్న దాగియున్నది. మానవుడు చేయు పనులవలన మేఘములు మాఱునా? మాఱినచో ఆ తప్పెవరిది?

ఈ రెండు ప్రశ్నలలో మొదటిది ప్రకృతిశాస్త్రమునకు సంబంధించినది. రెండవది న్యాయమునకు సంబంధించినది. మొదటిదానికి సమాధానము దొరకకమునుపే రెండవదానికి తీర్పు చెప్పుట మానవజాతికి చిరకాలపు టలవాటు. ఆ యలవాటు మన దేశమున, అందును మన తెలుగుసీమయందు, ఎంత పని చేసెనో చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

అడవులు మేఘముల నాకర్షించును, అడవులు నఱికినచో వానలు తగ్గును అను నమ్మకము పాశ్చాత్యులలో మిక్కిలి పాతది. కొలంబసు జమైకా ద్వీపమున ప్రతిదినమును కురియు వానకు అచ్చటి యడవులే కారణమని తలచెననియు, మదీరా, కనారీ ద్వీపములందు చెట్లు నఱకిన పిదప వానలు తగ్గెనని యనెననియు ఆతని కుమారుడు వ్రాసియున్నాడు. చెఱకుతోటలకై ద్వీపముల నన్నిటిని బోడిచేసిన తెల్లవారికే పిమ్మట భయము పుట్టినది. 1776లో టొబాగో ద్వీపమున ఒక కొండవరుసమీది యడవిని వానల రక్షణకొఱకని ప్రత్యేకముగ విడిచిపెట్టిరి. వాననుద్దేశించి అడవిని కాపాడిన శాసనములలో నది మొదటివానిలో నొకటి.

ఈ నమ్మకమునకు శాస్త్రపు వేషము వేసినవాడు జర్మనుపండితుడగు హంబోల్టు. ఆయన 1800లో దక్షిణ అమెరికాలోని వెనెజువేలాకు పోయినప్పుడు వలెన్సియా యను సరస్సు ఏటేట తఱిగిపోవుచుండెను. చుట్టుప్రక్కల కొండలమీది చెట్లను నఱకుటయు, నీలిమందు తోటలకై ఏళ్ల నీటిని మరలించుటయు దానికి కారణములని ఆయన నిర్ణయించెను. ఇరువదిరెండేండ్ల పిమ్మట బూసింగో యను ఫ్రెంచి శాస్త్రజ్ఞు డాచోటికే పోయి చూడగా సరస్సు మరల నిండుచుండెను! నడుమ స్వాతంత్ర్యయుద్ధము జరిగి తోటలు పాడుపడి, చేలలో అడవి పెరిగియుండెను. ఈ కథ ఐరోపా యంతటను వ్యాపించి, అడవికిని నీటికిని గల సంబంధమునకు తిరుగులేని సాక్ష్యముగ చెల్లినది. ఐనను ఒక్క మాట గమనింపదగియున్నది. సరస్సు నిండుటకు వాన పెరుగవలసిన పనిలేదు; కాలువలకు మరలించిన నీరు తిరిగి సరస్సుకు చేరినను చాలును. ఈ భేదమును ఆనాడు పాటించినవారు కొందఱే.

ఇక మన సీమకు వత్తము. విలియం రాక్స్‌బర్గు అను స్కాట్లండు వైద్యుడు 1776లో మదరాసునకు వచ్చి, 1781లో సామర్లకోటకు మాఱెను. మన దేశపు వృక్షములను వర్ణించిన గొప్ప శాస్త్రజ్ఞుడుగ నాతని పేరు లోకప్రసిద్ధము. కాని ఆతనికి మఱియొక వ్యసన ముండెను. ఎండ, గాలి, వాన వీనిని యంత్రములతో కొలిచి దినదినమును వ్రాసిపెట్టుకొనెడివాడు. మదరాసులో నుండగా వ్రాసిన యీ లెక్కలు లండనునందలి రాయలు సొసైటీ పత్రికలో 1778లోను 1780లోను అచ్చుపడినవి. సామర్లకోటలోను ఆ పని మానలేదు. 1789 మొదలుకొని ఉత్తర సర్కారులలో వరుసగా వానలు తప్పినవి; 1792 నాటికి ఊళ్లకు ఊళ్లు పాడుపడినవి. ఆ ఘోరక్షామమును రాక్స్‌బర్గు కన్నులార చూచెను. పిఠాపురపు రాజకుటుంబమువారి పాత వృత్తాంతములవలన, నూఱేండ్ల క్రిందట నిట్టి క్షామమే మఱియొకటి వచ్చియుండెనని తెలిసికొనెను. కఱవునాడు తినుటకు పనికివచ్చు కొబ్బరి, పనస, అరటి మున్నగు చెట్లను బాటల ప్రక్కలను గట్లమీదను నాటింపవలయునని ఆతడు ప్రభుత్వమునకు బోధించెను. ఇందు నేరారోపణము లేదు. కొలత యున్నది, ఆకలిగొన్నవానియెడ జాలి యున్నది. ఈ రెండును కూడియుండుట అరుదు.

తరువాతి తరమున కథ మాఱినది. 1847లో కుంపిణీ డైరెక్టర్లు చెట్లవలన శీతోష్ణములకును వానలకును గలుగు మార్పులను విచారింపుడని లండనునుండి వ్రాసిరి. మదరాసులో వైద్యుడుగ నుండిన ఎడ్వర్డు బాల్ఫరు అంతకుముందే యీ విషయమున వ్రాసియుండెను. 1849లో మరల విపులమైన వ్యాసమును ప్రకటించెను. అడవులు పోయినచో వానలు పోవును, వానలు పోయినచో కఱవు వచ్చును, కఱవు వచ్చినచో ప్రజలు నశింతురు. ఇదియే ఆయన వాదసారము. 1851లో బ్రిటిషు శాస్త్రసభవారి యెదుట క్లెగ్‌హారను మున్నగువారు ఉష్ణదేశములయందలి యడవుల నాశనమునుగూర్చి నివేదిక సమర్పించిరి. ఆ క్లెగ్‌హారనే 1856లో మదరాసు రాజధానికి అరణ్యసంరక్షకుడుగ నియమింపబడెను. వీరిలో పలువురు వైద్యులు; కఱవును జ్వరమును దగ్గఱనుండి చూచినవారు. వీరి సద్బుద్ధిని శంకింప పనిలేదు.

అయిన నొక ప్రశ్న వేయకతప్పదు. ఆ యడవులను నఱకిన దెవరు? మలబారు టేకు ఓడలకై పోయినది. 1853లో మన దేశమున రైలుబండి నడచినప్పటినుండి పట్టాలక్రింద పఱచు స్లీపరుకఱ్ఱలకై లక్షలకొలది చెట్లు కూలినవి. మదరాసు రైలుబండ్ల యింజనులు మొదటి దినములలో బొగ్గునకు బదులుగ కట్టెలనే తినెడివి. ఈ వినియోగమును క్లెగ్‌హారనంతటివాడు చూచి చింతించెను. కాని ఓడను ఆపుట అరణ్యసంరక్షకుని తరము కాదు. రైలును ఆపుట అసలే కాదు. ఆపుటకు వీలైనవాడు ఒక్కడే, చేత గొడ్డలితో కొండమీద నిలిచియున్న కొండవాడు.

పోడు వ్యవసాయమును మన పాఠకులలో పెక్కుమంది చూచియుండరు. కొండవాలున చిన్నచెట్లను పొదలను నఱకి, ఎండిన పిదప తగులబెట్టి, ఆ బూడిదనే యెరువుగ గొని సామలు, చోళ్లు, కందులు చల్లుదురు. రెండు మూడేండ్లకు నేల సారము తగ్గగానే దానిని విడిచి వేఱొకచోటికి పోవుదురు. విడిచిన నేల క్రమముగ మరల అడవి యగును. నాగలి యెక్కని వాలులందు బ్రదుకుటకు కొండవారు కనుగొనిన మార్గమిది. కాని మైదానమునుండి చూచు నధికారికి మండుచున్న కొండ మాత్రమే కనబడును. మదరాసు ప్రభుత్వము 1860లో సర్కారుటడవులయందు అనుమతి లేని పోడును నిషేధించినది. ఇండియా అరణ్యశాసనములు 1865లోను 1878లోను వచ్చినవి. మదరాసు అరణ్యశాసనము 1882లో వచ్చినది. వాటికి కలపరాబడియు, ఖజానా లాభమును ముఖ్యకారణములు. అయినను వాటిని సమర్థించుటకు సభలయందు చెప్పబడిన గొప్ప కారణములలో వానయు నొకటి. కొండవాడు చెట్టు నఱకుటవలన మైదానమున రైతుచేను ఎండుచున్నదన్న మాట, చదువుకొన్నవారి చెవికి ఎంతో న్యాయముగ తోచినది.

ఈలోగా 1876లో నైరృతి వానలు తప్పినవి. 1878 వఱకు సాగిన ఆ మహాక్షామమున కర్నూలు, కడప, బళ్లారి, నెల్లూరు మండలములు అల్లాడిపోయినవి. రాజధానిలో లక్షలకొలది ప్రాణములు పోయినవి. 1877లో సర్ రిచర్డు టెంపులు కఱవుపనులలోని కూలికి దినమునకొక పౌను ధాన్యమును, పైని కొద్ది కాసులను మాత్రమే యీయవలయునని నిర్ణయించెను. మన దేశపు రేవులనుండి ధాన్యపు టెగుమతి మాత్రము ఆగలేదు. ఇట్టి సమయమున అడవుల మాట ప్రభుత్వమునకు ఎంత యనుకూలమైనదో చదువరులే గ్రహింపగలరు. తప్పు చెట్లు నఱకినవానిదైనచో, కూలి తగ్గించినవానిని అడుగువాడు లేడు.

1879లో రంపదేశమున తిరుగుబాటు పుట్టినది. కల్లుపై క్రొత్తగ వేసిన పన్నును, మన్సబుదారుని దోపిడియును దానికి ముఖ్యహేతువులు. అడవి యాంక్షలు వానికి తోడైనవి. 1882 శాసనము తరువాత ఆ యాంక్షలు బిగిసినవేకాని సడలలేదు. 1922లో గూడెము కొండలలో అల్లూరి సీతారామరాజు వెంట కొండవారు లేచినప్పుడు, ప్రతిఫలము లేని బాటపనితోపాటు పోడు నిషేధమును వారి కోపమునకు మూలమై యుండెను. రెండేండ్లు సాగిన యా పోరాటమును మనము స్వాతంత్ర్యచరిత్రయందు చదువుచున్నాము. దాని వేళ్లలో నొకటి వానలనుగూర్చిన యొక సిద్ధాంతమువఱకు పోవుచున్నదని తలచువారు తక్కువ.

మఱి ఆ సిద్ధాంతము నిజమేనా? దీనిని నిజముగ పరీక్షింప బూనినవారు వాతావరణశాఖవారు. ఆ శాఖ 1875లో ఏర్పడినది; దాని తొలి యధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డు. ఆయన 1887లో మధ్యపరగణాల లెక్కలను తీసికొని, అచ్చట పోడును అణచి అడవిని పెరుగనిచ్చుటకు ముందు పడిన వానను, తరువాత పడిన వానతో పోల్చెను. కొంత హెచ్చు కనబడినది. కాని పట్టుమని పది పండ్రెండేండ్ల లెక్కలతో, వాన తనంతట తాను హెచ్చుటను అడవివలన హెచ్చుటనుండి విడదీయుట దుర్లభము. తరువాత ఆ పదవిలోనికి వచ్చిన గిల్బర్టు వాకరు గణితశాస్త్రమున ఆరితేరినవాడు. ఆయన 1910లో దేశమంతటి లెక్కలను పరిశోధించి, మన దేశపు వానలు శాశ్వతముగ మాఱినవనుటకు తగిన సాక్ష్యము లేదని తేల్చెను. అరువదియేండ్లుగ అధికారులు నిశ్చయముగ నమ్మినదానికి లెక్కలపుస్తకమున ఆధారము దొరకలేదు.

వాకరు అంతటితో నాగలేదు. మన వానలు తప్పుటకు కారణమును వెదకుచు భూగోళమంతయు తిరిగెను. పసిఫికు సముద్రమున వాయుపీడనము ఒకవైపు హెచ్చినప్పుడు హిందూసముద్రమువైపు తగ్గుచు, త్రాసు సిబ్బెలవలె నూగుచుండుటను కనుగొని, 1924లో దానికి దక్షిణాందోళన మని పేరిడెను. 1969లో బ్యెర్క్నెస్ అను శాస్త్రజ్ఞుడు దానికిని, పెరూ తీరమున సముద్రము వేడెక్కు ఎల్‌నీన్యోకును గల బంధమును విప్పిచెప్పెను. 1877–78 సంవత్సరములలో పసిఫికు సముద్రమున మహాబలమైన ఎల్‌నీన్యో యుండెనని ఇప్పుడు మనకు తెలియును. అంతకంటె నాశ్చర్యకరమైన విషయ మొకటి కలదు. 1998లో రిచర్డు గ్రోవ్ అను చరిత్రకారుడు, 1789–93 నడుమ ప్రపంచము నలుమూలల కలిగిన అనావృష్టులను పోల్చి, అదియు నట్టి మహా ఎల్‌నీన్యోయే యని వాదించెను. ఆయనకు దొరకిన సాక్ష్యములలో రాక్స్‌బర్గు సామర్లకోటలో వ్రాసినవియు నున్నవి. కఱవుకు నేరస్థుని వెదకక ఊరక కొలిచిపెట్టిన వైద్యుని లెక్క, రెండువందలయేండ్ల పిమ్మట సాక్ష్యము చెప్పి, ఆనాటి నేరమును సముద్రముమీద మోపినది.

అయినచో మానవుడు నిరపరాధియా? ఇచ్చట పాఠకులు తొందరపడరాదు. ఒక నేరారోపణము తప్పైనంత మాత్రమున అన్నియు తప్పులు కావు. కొండవాని గొడ్డలిని అందఱును చూచుచుండగా, ఎవ్వరును చూడని మార్గమున మానవుడు మేఘములను తాకుచునే యుండెను. 1875లో కూలియే అను ఫ్రెంచివాడును, 1880లో స్కాట్లండునందు జాన్ ఐట్కెను అనునాతడును ఒక చిన్న సత్యమును నిరూపించిరి. గాలిలో దుమ్ముకణము లేనిదే ఆవిరి సాధారణముగ బిందువు కాజాలదు. ప్రతి మేఘబిందువు నడుమను ఒక రేణువు కలదు. కావున పొగను విడుచు ప్రతి గొట్టమును మేఘమునకు విత్తనములు చల్లుచున్నట్లే.

విత్తనములు హెచ్చినచో పంట హెచ్చునా? మేఘముల విషయమున తఱచుగ విపరీతమే జరుగును. పదిమందికి వండిన యన్నమును వేయిమందికి వడ్డించినచో ఒక్కొక్కరికి మెతుకులే దక్కును. అట్లే ఉన్న నీరు వేయింతలు రేణువులమీదికి పంచబడినచో బిందువులు మిక్కిలి చిన్నవై, తేలిపోవునేకాని వానగ దిగుట ఆలస్యమగును. అట్టి మేఘము సూర్యకాంతిని మఱింత తిప్పికొట్టునని 1970 ప్రాంతములలో టూమీ యను శాస్త్రజ్ఞుడు చూపెను. 1999లో మాల్దీవుల చెంత పలుదేశముల శాస్త్రజ్ఞులు విమానములతోను ఓడలతోను పరిశోధింపగా, హిందూసముద్రపు ఉత్తరభాగముపై చలికాలమున గోధుమవన్నె పొగతెర యొకటి వ్యాపించియుండెను. అందు ముఖ్యులలో నొకడు మన దక్షిణదేశమువాడైన వీరభద్రన్ రామనాథన్. ఆ తెర సముద్రమునకు నీడపట్టి, వేడిని తగ్గించి, ఆవిరిని తగ్గించుచున్నది. 1950 తరువాత అర్ధశతాబ్దమున ఉత్తర మధ్యభారతమున నైరృతి వానలు కొంత తగ్గుటకు ఈ పొగయే ముఖ్యకారణమని 2011లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది.

ఇది యిట్లుండ, బొగ్గును చమురును కాల్చుటవలన గాలిలో అంగారామ్లవాయువు పదిలక్షలకు 280 పాళ్లనుండి 420 పాళ్లకు మించినది. భూమి ఒక డిగ్రీకి పైగ వేడెక్కినది. గాలి డిగ్రీ వేడెక్కినచో నూటికి ఏడుపాళ్లు అధికముగ ఆవిరిని పట్టగలదు. పట్టినదానిని ఒక్కమాఱుగ క్రుమ్మరింపను గలదు. 1950 మొదలు 2015 వఱకు గల లెక్కలలో మధ్యభారతమున విశాలప్రదేశములపై పడు కుంభవృష్టులు మూడింతలైనట్లు 2017లో పూణెలోని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పొగ వానను తగ్గింపజూచును. వేడి కుంభవృష్టిని హెచ్చించును. ఈ రెంటి పెనుగులాటయే నేటి మన వానకాలము. పాపము, బాల్ఫరుకును కొంత న్యాయము జరిగినది. అడవి పీల్చివిడుచు తేమలో కొంత మరల వానగ పడుచున్నదని అమెజాను అడవులలో 1970 తరువాత నీటి ఐసోటోపుల పరిశోధనవలన తేలినది. మన దేశమునందును వానకాలపు తుదిదినములలో ఇట్టి వాన కొంత కలదు. ఆయన చెప్పినది పూర్తిగ నబద్ధము కాదు. నిరూపణకు ముందే శిక్ష విధింపబడినది, అదియు బలహీనునికి విధింపబడినది; దోషమిదియే.

ఈనాడును ఆ దోషము మనలను విడువలేదు. వాన తప్పగానే మేఘమథన మని విమానములచే రసాయనములు చల్లించుట మన రాష్ట్రమున 2003 తరువాత కొన్నియేండ్లు సాగినది. మందు చల్లిన పిదప పడిన వానలో చల్లకున్నను పడునది యెంతయో విడదీయుట మిక్కిలి కష్టము. ప్రజలకు ఆశయు ప్రభువులకు ప్రకటనయు దొరకినవి. లెక్క మాత్రము నిశ్చయముగ దొరకలేదు. విరాటపర్వము చదివించుట మూఢత్వమని నవ్వువారు ఇచ్చటను కొంచెము నవ్వవలయును.

ఇంతకంటె ముఖ్యమైనది మఱియొకటి. ఆ గోధుమవన్నె తెరలోని మసిలో సగమో, అంతకు మించియో కట్టెలు, పిడకలు, చేని పొల్లు కాల్చుటవలన వచ్చుచున్నదని 2009లో తేలినది. ఈ మాట వినినతోడనే పొయ్యి యూదుకొను పేదయిల్లాలిమీద నేరము మోపుటకు మనవంటి చదువుకొన్నవారి నాలుక ఉవ్విళ్లూరును. నాడు కొండవాని గొడ్డలి. నేడు ఆమె ఊదుగొట్టము! ఆ పొగను ముందుగ మ్రింగునది ఆమెయు, ఆమె చంకలోని బిడ్డయు. పొగలేని పొయ్యి ఆమెకు శిక్షగ గాక ఆమె హక్కుగ రావలయును. మఱి ఏండ్లతరబడి గాలిలో నిలిచి భూమిని వేడెక్కించు వాయువు ముఖ్యముగ విద్యుత్కేంద్రముల గొట్టములనుండి, కార్ఖానాలనుండి, బండ్లనుండి వచ్చుచున్నది. వాని సుఖము ననుభవించువారిలో ఈ వ్యాసమును వ్రాసినవాడును చదువువారును కలరు.

2006లో మన పార్లమెంటు అడవిహక్కుల చట్టమును చేయుచు, అడవిజనులకు చారిత్రకమైన అన్యాయము జరిగినదని దాని పీఠికయందే యొప్పుకొనినది. ఆ యన్యాయములో వానలపేర జరిగిన భాగము చిన్నది కాదు. కాని ఒప్పుకొనుటకు నూఱేండ్లకు పైగ పట్టినది. నడుమ ఎన్ని కొండయూళ్లు పాడుపడెనో ఎవ్వరు లెక్కింపగలరు?

మానవుడు వాతావరణమును మార్చుచున్నాడా యను వివాదమునకు నేడు సమాధానము వచ్చినది: మార్చుచున్నాడు. కావున సందేహమును నెపముగ చేసికొని చేతులు ముడుచుకొనుటకు మన కధికారము లేదు. అయినను ఆ మార్పులో ఎవరి పా లెంత యను ప్రశ్న ఇప్పుడే మొదలైనది. దానికి తీర్పు చెప్పుటకు కూర్చున్నవారు మరల బలవంతులే. సామర్లకోటలో ఒక వైద్యుడు ప్రతిదినమును వానను కొలిచి, ఆకలిగొన్నవారికి చెట్లు నాటింపజూచెను. కొలువక నిందింపరాదనియు, కొలిచిన పిదప మన వంతు తప్పించుకొనరాదనియు ఆ పాతలెక్కలు మనకు చెప్పుచున్నవి. వాన కురియనప్పుడు పొరుగువానివంక చూచు చూపును, ఒక్కమాఱు మన యింటి గోడమీది విద్యుద్దీపమువంకకును త్రిప్పుదుము గాక.